లాడెన్ వేట: అప్పట్లో ఎవరేం చెప్పారు? చివరికి ఏది నిజమైంది?

2011 మే 2. పాకిస్తాన్‌లోని అబోటాబాద్ పట్టణంలో అర్ధరాత్రి దాటాక రెండు అమెరికా హెలికాప్టర్లు ఒక ఇంటి మీదికి వచ్చాయి. సుమారు 40 నిమిషాల్లో పని ముగిసింది. పదేళ్లుగా ప్రపంచం వెతుకుతున్న ఒసామా బిన్ లాడెన్ ఆ ఇంటి పై అంతస్తులో హతమయ్యాడు.

ఆ పదేళ్లలో లాడెన్ గురించి జోస్యం చెప్పని నాయకుడు లేడు. కొందరు చచ్చిపోయాడన్నారు. కొందరు గుహలో ఉన్నాడన్నారు. ఎక్కడున్నాడో తమకు తెలుసని కొందరు, అతను ఇక పెద్ద విషయమే కాదని మరికొందరు చెప్పారు. పాకిస్తాన్‌లోకి వెళ్లి మరీ కొడతామని ఒకాయన అంటే, అంత మాట అనొచ్చా అని మిగతావాళ్లు ఎగతాళి చేశారు. ఆ మాటలన్నీ ఇప్పుడు వరుసలో పెట్టి, జరిగినదానితో పోల్చి చూస్తే చాలా సంగతులు బయటపడతాయి.

2001: ప్రాణాలతోనో, శవంగానో

సెప్టెంబర్ 11 దాడులు జరిగిన ఆరు రోజులకు, అంటే 2001 సెప్టెంబర్ 17న, అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ పెంటగాన్‌లో విలేకరులతో మాట్లాడారు. పాత రోజుల్లో అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో దొంగల కోసం అతికించే పోస్టర్లను గుర్తుచేస్తూ, లాడెన్ ప్రాణాలతోనో శవంగానో కావాలన్నారు. ఆ మాట ప్రపంచమంతా మోగింది. అక్టోబర్ 7న అఫ్గానిస్తాన్ మీద బాంబుల వర్షం మొదలైంది.

డిసెంబర్ వచ్చేసరికి లాడెన్ తోరాబోరా కొండల్లో చిక్కుకున్నాడు. అమెరికా సెనేట్ విదేశాంగ కమిటీ 2009 నవంబర్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ సమయంలో అక్కడున్న అమెరికా కమాండోలు 100 మంది కూడా లేరు. పాకిస్తాన్ వైపు దారులు మూసేయడానికి మరిన్ని బలగాలు పంపమని అడిగితే పైవాళ్లు ఒప్పుకోలేదు. స్థానిక అఫ్గాన్ ముఠాల మీద, పాకిస్తాన్ సరిహద్దు దళాల మీద భారం వేశారు. డిసెంబర్ మధ్యలో లాడెన్ కొండలు దాటి జారుకున్నాడు. దానికి కొద్ది రోజుల ముందే, నవంబర్ నెలాఖరులో, ఇరాక్ యుద్ధానికి ప్రణాళిక సిద్ధం చేయమని సేనాధిపతికి ఆదేశాలు వెళ్లాయి. ఒక వేట పూర్తికాకముందే ఇంకో యుద్ధం మీదికి మనసు పోయింది.

ఫలితం? 2002 మార్చి 13న విలేకరులు లాడెన్ గురించి అడిగితే, అతను ఎక్కడున్నాడో తనకు తెలీదని, అతని గురించి అంతగా పట్టించుకోవడం లేదని బుష్ చెప్పారు. ఆర్నెల్లలో మాట ఎంత మారిందో చూడండి. తర్వాత 2004 అక్టోబర్ 13న, ఎన్నికల చర్చలో ప్రత్యర్థి జాన్ కెర్రీ ఈ సంగతి ఎత్తితే, తాను అలా అన్నట్టు గుర్తులేదని, అదంతా అతిశయోక్తి అని బుష్ కొట్టిపారేశారు. వీడియో మాత్రం మిగిలే ఉంది.

"చచ్చిపోయాడు" అన్నవాళ్లు

అన్నిటికంటే ఎక్కువసార్లు వినపడిన జోస్యం ఇదే. 2002 జనవరిలో పాకిస్తాన్ అధ్యక్షుడు పర్వేజ్ ముషారఫ్ ఒక అమెరికన్ టీవీ ఇంటర్వ్యూలో లాడెన్ చనిపోయి ఉంటాడన్నారు. అతనికి కిడ్నీ జబ్బు ఉందని, డయాలిసిస్ యంత్రాలు అఫ్గానిస్తాన్‌కు తెప్పించుకున్నాడని, ఆ పరిస్థితుల్లో బతికే వీలు లేదని లెక్క చెప్పారు. అదే ఏడాది జూలైలో ఎఫ్‌బీఐ ఉగ్రవాద నిరోధక విభాగం అధిపతి డేల్ వాట్సన్ కూడా, వ్యక్తిగతంగా తన ఉద్దేశం అతను బతికి లేడనే అన్నారు. 2006 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ పత్రిక ఒకటి ఇంకో కథ రాసింది. పాకిస్తాన్‌లో టైఫాయిడ్ వచ్చి పోయాడని సౌదీ నిఘా వర్గాలు నమ్ముతున్నాయట. 2009 ఏప్రిల్‌లో పాకిస్తాన్ అధ్యక్షుడు ఆసిఫ్ అలీ జర్దారీ వంతు వచ్చింది. ఆధారం లేదు గానీ, చనిపోయి ఉంటాడని తమ నిఘా వాళ్లు అనుకుంటున్నారని ఆయన చెప్పారు.

మధ్యలో 2004 అక్టోబర్ 29న, అమెరికా ఎన్నికలకు నాలుగు రోజుల ముందు, లాడెన్ స్వయంగా వీడియోలో కనిపించి మాట్లాడాడు. అయినా పుకార్లు ఆగలేదు.

చివరికి తేలిందేమిటి? ముషారఫ్ చనిపోయాడన్న తర్వాత లాడెన్ ఇంకా తొమ్మిదేళ్లకు పైగా బతికాడు. అదీ పాకిస్తాన్‌లోనే. ఇక కిడ్నీ సంగతి. పాకిస్తాన్ నియమించిన అబోటాబాద్ కమిషన్ ముందు అతని భార్యలు చెప్పినదాన్ని బట్టి, ఒంట్లో బాగోలేనప్పుడు అతను అరబ్బుల సంప్రదాయ వైద్యంతో తనకు తానే మందు చూసుకునేవాడు.

ఈ "చచ్చిపోయాడు" జోస్యం ఇంతగా ఎందుకు నడిచింది? అది అందరికీ పనికొచ్చే మాట కాబట్టి. పాకిస్తాన్‌కైతే, లేని మనిషిని వెతకమని ఎవరూ ఒత్తిడి చేయరు. అమెరికాకైతే, పట్టుకోలేదన్న నింద ఉండదు. ఏదైనా మాట చెప్పినవాడికి అంత సౌకర్యంగా ఉన్నప్పుడు, వినేవాడు కొంచెం ఆగి ఆలోచించాలి.

"ఎక్కడున్నాడో తెలుసు" అన్నవాళ్లు

2005 జూన్‌లో అప్పటి సీఐఏ డైరెక్టర్ పోర్టర్ గాస్ ఒక వారపత్రికతో మాట్లాడుతూ, లాడెన్ ఎక్కడున్నాడో తనకు బాగానే అంచనా ఉందన్నారు. స్వతంత్ర దేశాల్లో ఉన్న స్థావరాల విషయంలో అంత తేలిగ్గా ముందుకు పోలేమని సూచించారు. ఆ మాట విన్న ఎవరైనా ఇక ఇవాళో రేపో అనుకుంటారు.

కానీ తెర వెనుక జరిగింది వేరు. లాడెన్ వేట కోసమే 1996లో పెట్టిన ప్రత్యేక విభాగాన్ని సీఐఏ 2005 చివర్లో మూసేసింది. ఆ సంగతి 2006 జూలైలో పత్రికలకెక్కింది. ఇంకో విడ్డూరం ఏమిటంటే, లాడెన్ అబోటాబాద్ ఇంట్లోకి మారింది కూడా 2005 ఆగస్టులోనే. వేటగాళ్లు దుకాణం సర్దుకుంటున్న రోజుల్లోనే అతను కాపురం పెట్టాడు.

2007 ఏప్రిల్‌లో రిపబ్లికన్ నాయకుడు మిట్ రామ్నీ మరో రకంగా మాట్లాడారు. ఒక్క మనిషిని పట్టుకోవడానికి కోట్లకు కోట్లు ఖర్చు పెట్టి భూమ్యాకాశాలు ఏకం చేయడం అనవసరం అన్నది ఆయన వాదన. సొంత పార్టీ వాళ్లే తప్పుపట్టడంతో కొద్ది రోజుల్లో మాట సర్దుకున్నారు. ఐదేళ్ల తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో ఒబామా శిబిరం ఆ పాత మాటను బయటికి తీసి మరీ వాడుకుంది.

2007-08: ఎగతాళి పాలైన మాట

2007 ఆగస్టు 1న వాషింగ్టన్‌లో అప్పటి సెనేటర్ బరాక్ ఒబామా ఒక ప్రసంగం చేశారు. ముఖ్యమైన ఉగ్రవాదుల ఆచూకీ మీద పక్కా సమాచారం దొరికి, ముషారఫ్ చర్య తీసుకోకపోతే, మేమే తీసుకుంటాం అన్నది అందులో సారాంశం.

విమర్శలు నాలుగు వైపుల నుంచీ వచ్చాయి. రామ్నీ దాన్ని పాత అణుయుద్ధం సినిమాలోని పిచ్చి శాస్త్రవేత్త మాటతో పోల్చి నవ్వించారు. సొంత పార్టీకి చెందిన హిల్లరీ క్లింటన్, అధ్యక్ష పదవికి పోటీ చేసేవాళ్లు మనసులో ఉన్నదంతా పైకి చెప్పకూడదని చురక వేశారు. మిత్రదేశం పాకిస్తాన్ మీద బాంబులు వేస్తానన్న అనుభవం లేని అభ్యర్థి అని 2008 ఫిబ్రవరిలో జాన్ మెకెయిన్ దెప్పారు. మెకెయిన్ సొంత మాట ఏమిటంటే, లాడెన్‌ను నరకం గుమ్మం దాకా వెంటాడతానని.

2008 అక్టోబర్ 7న ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చర్చించిన రోజున ఒబామా, లాడెన్‌ను చంపుతాం, అల్ ఖైదాను అణచేస్తాం అని సూటిగా చెప్పారు. రెండున్నరేళ్లకు మొదటి మాట నిజమైంది.

అలాగని ఒబామా చెప్పిందంతా నిజమైందా అంటే, కాలేదు. 2008 ఆగస్టులో పార్టీ మహాసభలో మాట్లాడుతూ, నరకం దాకా వెళ్తానన్న మెకెయిన్ లాడెన్ ఉన్న గుహ దాకా కూడా వెళ్లడం లేదని ఎద్దేవా చేశారు. గుహ! అప్పటికి లాడెన్ మూడేళ్లుగా ఊళ్లో, గోడల మధ్య, భార్యాబిడ్డలతో ఉన్నాడు. 2009 జనవరిలో, పదవి చేపట్టే ముందు, గుహలో కూర్చుని అనుచరులతో మాట్లాడలేని స్థితికి అతణ్ని నెట్టినా లక్ష్యం నెరవేరినట్టే అన్నారు. అంటే ఎన్నికలయ్యాక ఆయన గొంతు కూడా కాస్త తగ్గింది.

2007 నాటి షరతు కూడా అన్నట్టుగా జరగలేదు. ముషారఫ్ 2008 ఆగస్టులోనే దిగిపోయారు. సమాచారం ఇస్తే పాకిస్తాన్ ఏం చేస్తుందన్న ప్రశ్నే రాలేదు. అసలు సమాచారమే ఇవ్వలేదు. ముందే చెబితే ఆ కబురు లాడెన్‌కు చేరిపోవచ్చని భయపడ్డామని సీఐఏ డైరెక్టర్ లియోన్ పనెట్టా తర్వాత చెప్పారు.

మిగతావాళ్లకూ ఒబామాకూ తేడా ఎక్కడుంది? పదవిలోకి వచ్చిన కొన్ని నెలలకు, 2009 జూన్ 2న, లాడెన్‌ను పట్టుకునేందుకు 30 రోజుల్లో వివరమైన ప్రణాళిక ఇవ్వాలని పనెట్టాకు రాతపూర్వకంగా ఆదేశమిచ్చారు. సభలో అన్న మాట ఆఫీసులో కాగితం మీదికి వచ్చింది. ఆ మాటకు విలువ వచ్చింది అక్కడే.

"మా దేశంలో లేడు" అన్న పాకిస్తాన్

2009 అక్టోబర్‌లో లాహోర్ వెళ్లిన హిల్లరీ క్లింటన్, అల్ ఖైదా నాయకులు ఎక్కడున్నారో పాకిస్తాన్ ప్రభుత్వంలో ఒక్కరికీ తెలీదంటే నమ్మడం కష్టమని మొహం మీదే అన్నారు. డిసెంబర్ మొదట్లో లండన్ వెళ్లిన ప్రధాని యూసుఫ్ రజా గిలానీ, లాడెన్ పాకిస్తాన్‌లో ఉన్నాడని తాను అనుకోవడం లేదని బదులిచ్చారు.

ఏడాదిన్నర తిరక్కుండానే ఆచూకీ తేలింది. కాకూల్ సైనిక అకాడమీకి కిలోమీటరున్నర లోపు దూరంలో. అదే రోజు భారత హోం మంత్రి చిదంబరం, ఉగ్రవాదులు పాకిస్తాన్‌లో ఆశ్రయం పొందుతున్నారన్న మన ఆందోళన నిజమని దీంతో రుజువైందని ప్రకటన ఇచ్చారు.

ప్రభుత్వానికి తెలిసే దాచిందా, తెలియకే మోసపోయిందా? అబోటాబాద్ కమిషన్ నివేదిక 2013 జూలైలో అల్ జజీరా ద్వారా బయటికొచ్చింది. పై స్థాయి కుట్రకు అందులో రుజువు దొరకలేదు. కానీ కింది స్థాయిలో ఎవరో ఒకరి సహకారం ఉండొచ్చన్న అనుమానాన్ని కొట్టిపారేయలేదు. నిర్లక్ష్యం, చేతకానితనం అని మాత్రం ఘాటుగా రాసింది. స్వాత్‌లో ఉన్న రోజుల్లో ఒకసారి లాడెన్ ప్రయాణిస్తున్న కారును స్పీడుగా పోతోందని పోలీసు ఆపాడట. మాట్లాడి పంపించేశాడు. ఆవరణలో తిరిగేటప్పుడు పైనుంచి ఎవరూ గుర్తుపట్టకుండా లాడెన్ వెడల్పాటి కౌబాయ్ టోపీ పెట్టుకునేవాడని కూడా అందులో ఉంది. హిల్లరీ కూడా 2011 మే చివర్లో ఇస్లామాబాద్ వచ్చి, పై స్థాయి వాళ్లకు తెలుసనడానికి ఆధారం లేదని చెప్పారు.

అసలు ఎలా దొరికాడు?

ఏ నాయకుడి జోస్యమూ దారి చూపించలేదు. దారి చూపించింది ఒక మనిషి. లాడెన్ ఉత్తరాలు మోసే కొరియర్, అబూ అహ్మద్ అల్ కువైతీ అనే మారుపేరు గలవాడు. ఆ పేరు ఖైదీల విచారణల్లో 2002 ప్రాంతం నుంచే వినపడుతోంది. అసలు పేరు తెలియడానికి ఏళ్లు పట్టింది. 2010 ఆగస్టులో అతని బండిని వెంబడిస్తే అది అబోటాబాద్ ఇంటికి చేరింది.

ఆ ఇల్లే అనుమానం పుట్టించింది. 12 నుంచి 18 అడుగుల ప్రహరీ గోడలు. ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు. చుట్టుపక్కల వాళ్లు చెత్త బయట పెడితే వీళ్లు లోపలే తగలబెట్టేవారు. ఆవరణలో రోజూ ఒక పొడుగాటి మనిషి నడుస్తున్నట్టు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. ముఖం మాత్రం ఎప్పుడూ తెలియలేదు.

అంచనాల సంగతి ఇక్కడ కూడా చూడాలి. అతను లాడెనే అనడానికి నిపుణులు ఇచ్చిన లెక్కలు 40 శాతం నుంచి 95 శాతం దాకా ఉన్నాయి. చివరికి సగం సగం అవకాశమే అనుకుని నిర్ణయం తీసుకున్నానని ఒబామా తర్వాత చెప్పుకున్నారు. ఉపాధ్యక్షుడు జో బైడెన్ వెళ్లొద్దని సలహా ఇచ్చినట్టు 2012 జనవరిలో తానే చెప్పారు. రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ కూడా మొదట వెనకాడారు. బయట మైకుల ముందు నూటికి నూరు శాతం నమ్మకంతో మాట్లాడిన వాళ్ల చేతిలో ఏమీ లేదు. లోపల గదిలో నిజంగా సమాచారం ఉన్నవాళ్లు మాత్రం సగం నమ్మకంతో మాట్లాడారు.

2010 మార్చిలో అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ ఇంకో జోస్యం చెప్పారు. లాడెన్ ప్రాణాలతో అమెరికా కోర్టుకు రాడని. అదీ నిజమైంది. ఆ రాత్రి లాడెన్‌తో పాటు అతని కొడుకు, కొరియర్, కొరియర్ తమ్ముడు, ఆ తమ్ముడి భార్య చనిపోయారు. లాడెన్ శవాన్ని సముద్రంలో ఖననం చేశారు. విచారణ జరిగి ఉంటే ఎన్ని నిజాలు బయటికొచ్చేవో, ఆ అవకాశం అక్కడితో పోయింది.

తర్వాత మార్చిన లెక్కలు

చనిపోయిన మర్నాడే మాటల మార్పిడి మొదలైంది. లాడెన్ ఎదురు కాల్పులు జరిపాడని, భార్యను అడ్డం పెట్టుకున్నాడని వైట్ హౌస్ అధికారి జాన్ బ్రెనన్ మొదట చెప్పారు. అతని దగ్గర ఆయుధమే లేదని వైట్ హౌస్ మరుసటి రోజే దిద్దుకుంది.

ఖైదీలను హింసించడం వల్లే కొరియర్ పేరు తెలిసిందని బుష్ కాలం నాటి అధికారులు వాదించారు. 2014 డిసెంబర్‌లో వచ్చిన సెనేట్ నిఘా కమిటీ నివేదిక దాన్ని ఒప్పుకోలేదు. కీలకమైన సమాచారం హింసకు ముందే, లేదా హింసతో సంబంధం లేకుండానే వచ్చిందని తేల్చింది. సీఐఏ ఆ తీర్పును అంగీకరించలేదు.

డొనాల్డ్ ట్రంప్ మరో అడుగు ముందుకు వేశారు. 2000లో వచ్చిన తన పుస్తకంలో లాడెన్ గురించి ముందే హెచ్చరించానని, ఎవరూ వినలేదని పలుమార్లు చెప్పుకున్నారు. 2019 అక్టోబర్‌లో బాగ్దాదీ మరణాన్ని ప్రకటించినప్పుడూ అదే మాట. ఆ పుస్తకంలో లాడెన్ పేరు ఉన్న మాట నిజమే. కానీ అతణ్ని పట్టుకోవాలనీ, చంపాలనీ అక్కడ చెప్పలేదు. పైగా అప్పటికే లాడెన్ పేరు ఎఫ్‌బీఐ 10 మంది ప్రధాన నేరస్థుల జాబితాలో ఉంది. 1999 జూన్‌లోనే చేర్చారు. 1998 ఆగస్టులో కెన్యా, టాంజానియా దౌత్య కార్యాలయాల పేలుళ్ల తర్వాత అమెరికా అతని శిబిరాల మీద క్షిపణులు కూడా వేసింది. లోకమంతా తెలిసిన పేరు రాయడం జోస్యం ఎలా అవుతుంది?

ఒక్క లాడెన్ విషయంలోనే కాదు

తాలిబాన్ అధినేత ముల్లా ఉమర్ 2013 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆ సంగతి 2015 జూలై దాకా బయటికి రాలేదు. దానికి కొద్ది రోజుల ముందు కూడా ఆయన పేరుతో ఈద్ సందేశం విడుదలైంది. లాడెన్ విషయంలో బతికున్నవాణ్ని చచ్చాడన్నారు, ఇక్కడ చచ్చినవాణ్ని బతికించారు. ఐసిస్ నాయకుడు అబూ బకర్ బాగ్దాదీని రఖ్ఖా దగ్గర వైమానిక దాడిలో చంపి ఉండొచ్చని 2017 జూన్‌లో రష్యా ప్రకటించింది. అతను నిజంగా చనిపోయింది 2019 అక్టోబర్‌లో, సిరియాలోని ఇద్లిబ్‌లో.

లాడెన్ పోతే అంతా అయిపోతుందన్న అంచనా కూడా నిలబడలేదు. 2011 జూన్‌లో అయ్‌మన్ అల్ జవాహిరీ అల్ ఖైదా పగ్గాలు పట్టాడు. 2021 ఆగస్టులో తాలిబాన్ మళ్లీ కాబూల్‌లో కూర్చుంది. 2022 జూలై 31న జవాహిరీ డ్రోన్ దాడిలో హతమయ్యాడు. ఎక్కడ? అదే కాబూల్‌లో.

మూల్యం ఎవరు కట్టారు?

నాయకుల మాట తప్పితే వాళ్లకు పోయేదేమీ లేదు. ఇంకో ఇంటర్వ్యూ ఇస్తారు. మూల్యం కట్టేది మామూలు జనం.

ఆ ఇంట్లో ఉన్నది లాడెన్ కుటుంబమేనా అని తేల్చుకోవడానికి సీఐఏ పాకిస్తానీ డాక్టర్ షకీల్ అఫ్రిదీతో అబోటాబాద్‌లో హెపటైటిస్ టీకాల కార్యక్రమం నడిపించింది. పిల్లల డీఎన్‌ఏ సంపాదించాలన్న ఆ ప్రయత్నం ఫలించలేదు. కానీ సంగతి బయటపడ్డాక, టీకాలు వేసేవాళ్లంతా గూఢచారులేనన్న అనుమానం పాకిస్తాన్‌లో బలపడింది. 2012 జూన్‌లో ఉత్తర వజీరిస్తాన్‌లో తాలిబాన్ కమాండర్లు పోలియో చుక్కలను నిషేధించారు. డిసెంబర్‌లో కరాచీ, పెషావర్ ప్రాంతాల్లో పోలియో చుక్కలు వేసే ఆడవాళ్లను కాల్చి చంపారు. 2014లో పాకిస్తాన్‌లో 306 పోలియో కేసులు వచ్చాయి. దీనికి యుద్ధం, వలసలు, ఇంకా చాలా కారణాలున్నాయి. అందులో ఈ దొంగ టీకాల వ్యవహారం కూడా ఒకటి. అమెరికాలోని 12 ప్రజారోగ్య విద్యాసంస్థల అధిపతులు ఒబామాకు లేఖ రాశాక, ఇకపై టీకా కార్యక్రమాలను నిఘా పనులకు వాడబోమని 2014 మేలో వైట్ హౌస్ తెలిపింది. అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. లాడెన్ పేరు కూడా వినని పసిపిల్లలు కాళ్లు పోగొట్టుకున్నారు.

ఇకపై ఇలాంటి మాటలు వింటే

రేపు ఇంకో పేరు వస్తుంది, ఇంకో వేట మొదలవుతుంది. టీవీల్లో మళ్లీ చిలక జోస్యాలు వినపడతాయి. అప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ మాట చెప్పినవాడికి దానివల్ల లాభం ఏమిటి? రేపు తప్పని తేలడానికి వీలున్న మాటేనా, లేక ఎటైనా తిప్పుకోవచ్చా? మాట తర్వాత పని ఏదైనా జరిగిందా? తప్పితే మూల్యం ఎవరు కడతారు?

ముషారఫ్ కిడ్నీ లెక్క, గాస్ అంచనా, గిలానీ ఖండన, ట్రంప్ పుస్తకం, ఇవేవీ ఈ ప్రశ్నల ముందు నిలవవు. ఒబామా మాట మూడో ప్రశ్న దాకా నిలుస్తుంది. నాలుగో ప్రశ్నకు మాత్రం అబోటాబాద్ టీకాల సంగతి గుర్తొస్తుంది.